హెడ్ బిగింపు ముందా, టైమింగ్ ముందా?

పాతబండి: 1950ల నాటి నాలుగు సిలిండర్ల ఇంజను, ఇనుప హెడ్ (సిలిండర్ల పైమూత), వాల్వులు పైన. కొత్త గాస్కెట్ (హెడ్ కింద సీలు పొర) వేసి హెడ్ ఎక్కించాను. చదును రోడ్డు మీద హాయిగా నడుస్తోంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం టకటకమని శబ్దం వస్తోంది, వేడి ముల్లు పైకి పోతోంది. నట్లు మళ్లీ బిగించాలా, టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) చూడాలా?

రెంచిపట్టు: హెడ్‌తోనే మొదలుపెట్టండి. ఇంజను వేడెక్కి చల్లారాక కొత్త గాస్కెట్ కాస్త అణుగుతుంది, ఆ మేరకు నట్ల పట్టు సడలుతుంది. బిగింపు వేడి మీదా, చల్లారాకా అన్నది మాన్యువల్ చెబుతుంది. అల్యూమినియం హెడ్‌కైతే చల్లారాకే. మధ్య నుంచి బయటికి వెళ్లే వరుస తప్పవద్దు. ఒక్కో నట్టును పావు చుట్టు వదులు చేసి, మాన్యువల్ చెప్పిన టార్క్ (బిగింపు బలం) వరకు ఆపకుండా తేవాలి. అది అయ్యాకే పక్క నట్టు. పట్టేసిన నట్టు మీద రెంచి వేసి నొక్కితే క్లిక్‌మంటుంది, నట్టు మాత్రం కదిలి ఉండదు! మనం పెట్టే బలంలో సుమారు 90 శాతం రాపిడికే పోతుంది, స్టడ్‌ను (నట్టు ఎక్కే మరల కడ్డీని) సాగదీసి హెడ్‌ను అదిమేది ఆ మిగిలిన కాస్తే. మరల్లో తుప్పో మట్టో ఉంటే అదీ దక్కదు. హెడ్ బోల్టులు అడుగు మూసుకున్న రంధ్రాల్లోకి దిగే ఇంజన్లలో రంధ్రంలో నూనె నిలవ ఉండకూడదు. బోల్టు ఒత్తిడికి బ్లాకే పగలవచ్చు.

ఫీలర్‌గేజి: హెడ్ దిగితే రాకర్‌కూ (వాల్వును నొక్కే మీటకూ) వాల్వుకూ మధ్య సందు తగ్గుతుంది. కాబట్టి వెంటనే ట్యాపెట్లు (అంటే ఆ సందు) సరిచేయండి, లేకపోతే ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. తర్వాత పాయింట్లు, అంటే స్పార్క్ కోసం కరెంటును తెంచే స్విచ్చు. లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్లలో (స్పార్క్‌ను సిలిండర్లకు పంచే భాగాల్లో) చాలావాటికి సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. సందు పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది. అందుకే పాయింట్లు సరిచేశాకే టైమింగ్.

చెవిలెక్క: నేను డిస్ట్రిబ్యూటర్‌ను మెల్లగా తిప్పుతూ, ఇంజను ఎక్కడ అత్యంత వేగంగా, నున్నగా తిరుగుతుందో అక్కడ బిగిస్తాను.

బల్బుదీపం: ఒప్పుకోలేను. బరువు లేనప్పుడు ఇంజనుకు నచ్చే అడ్వాన్స్ (స్పార్క్ ముందుగా పడటం), ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువైపోతుంది. పాతబండి గారు చెప్పిన టకటక సరిగ్గా అలాంటి శబ్దమే. అలాగే నడిపితే కొత్త గాస్కెట్ కూడా పేలుతుంది. 12 వోల్టుల బల్బు చాలు. ఒక తీగ డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సన్న వైరు టెర్మినల్‌కు, మరొకటి బాడీకి. మొదటి సిలిండర్‌ను కంప్రెషన్ మీదికి తెచ్చి, స్విచ్ వేసి, ఇంజనును తిరిగే దిశలోనే చేత్తో తిప్పండి. పుల్లీ గుర్తు మాన్యువల్ చెప్పిన డిగ్రీకి రాగానే బల్బు వెలగాలి. గుర్తు దాటితే బాగా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ రండి, లేకపోతే గేర్లలోని వదులు లెక్క చెడగొడుతుంది. స్ట్రోబ్ లైటు (స్పార్క్‌తో పాటే మెరిసే దీపం) వాడితే డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ గొట్టం తీసి మూసి, ఐడిలింగ్ తగ్గించి చూడండి.

పాతబండి: చెప్పిన వరుసలోనే అన్నీ చేశాను. కొన్ని నట్లు నిజంగానే ఇంకాస్త తిరిగాయి, టైమింగ్ బాగా ముందుకు ఉంది. ఎత్తు మీద శబ్దం పోయింది, వేడి కూడా నిలకడగా ఉంది. కానీ స్ట్రోబ్ వెలుగులో గుర్తు ఒకచోట నిలవదు, అటూ ఇటూ గెంతుతోంది.

బల్బుదీపం: రోటర్ (డిస్ట్రిబ్యూటర్‌లో పైన తిరిగే ముక్క) తీసి, డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును పక్కకు ఊపి చూడండి. ఆడితే బుష్ (షాఫ్టును పట్టి ఉంచే గొట్టం) అరిగినట్టే. అది మార్చేదాకా పాయింట్ల సందు కూడా నిలవదు.