అప్‌డేట్: ‘ఆనిమో’ని ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో తేలింది

రుషికొండలో మా ఆఫీసుకి మెక్సికో టీమ్ పంపిన వీడియోకి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రాస్తూ, ఎదుటివాళ్లని ఉత్సాహపరచడానికి స్పానిష్‌లో అనే ‘ఆనిమో’, ‘ఏచలే గానాస్’ దగ్గర ఆగిపోయాను, వీటిని ఇంగ్లిష్‌లో ఎలా రాయాలని పోయిన నెల ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

“మాటని కాదు, ఎవరితో అంటున్నారో చూడండి” అన్న సలహానే పనిచేసింది. స్పానిష్ నేర్పే మేడమ్‌గారికి వీడియో చూపిస్తే ఆవిడా అదే చెప్పారు. ఆపరేషన్ అయి మంచం మీదున్న మనిషితో అన్న ఆనిమో ‘హ్యాంగ్ ఇన్ దేర్’. పరుగు పందెం చివర్లో, కాళ్లు తడబడుతున్న కుర్రాడికి అరిచి చెప్పిన ఆనిమో ‘కమాన్, యూ కెన్ డూ ఇట్!’ మనం ఒకచోట “ధైర్యంగా ఉండు” అని, ఇంకోచోట “కానీ, కానీ! వచ్చేశావ్!” అంటాం చూడండి, అచ్చం అలాగే.

గానాస్ అంటే కోరిక కదా అని నేను ‘డిజైర్’ పెట్టాను, తప్పు. ‘గివ్ ఇట్ యువర్ ఆల్’ అని మార్చాం. అదే వీడియోలో ఉన్న ‘సీ సె ప్వేదె’ని మాత్రం ‘యెస్, వుయ్ కెన్’గానే ఉంచాం. అది 1972లో అమెరికా వ్యవసాయ కూలీల ఉద్యమంలో డోలొరెస్ హువెర్తా ఇచ్చిన నినాదమట, వింటే ఒళ్లు పులకరించింది.

‘ఆనిమో’కి మూలమైన లాటిన్ మాట ‘అనిముస్’ గురించి రెండు రాత్రులు చదివాను. దీనికి అక్కర్లేకపోయింది.