చర్చ: చూపులేని విద్యార్థికి పరీక్షలో స్క్రైబ్ (ప్రశ్న చదివి, చెప్పిన జవాబు రాసిపెట్టే సహాయకుడు), అదనపు సమయం ఇస్తే చాలదా? పాఠం చెప్పే తీరు కూడా మార్చాలా?

పరీక్షల సెక్షన్:
డిగ్రీ కాలేజీల సంగతే అడుగుతున్నా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో దివ్యాంగులకి కనీసం 5 శాతం సీట్లు ఇచ్చింది. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పరీక్షలో గంటకి కనీసం 20 నిమిషాలు అదనం, అంటే 3 గంటల పేపరుకి 4 గంటలు. ఇంకా లెక్చరర్ మీద భారం దేనికి? ఒక్కరి కోసం నెమ్మదిస్తే సిలబస్ అవ్వదు.

లెక్కల మేడం:
పాఠమే అందనప్పుడు గంట కలిపి ఏం లాభం సార్? బోర్డు దగ్గర "దీన్ని ఇటు తెచ్చి ఇక్కడ వేస్తే" అంటాం. వినేవాళ్లకి ఏది, ఎటు? "ఎక్స్ ప్లస్ 1 బై 2" అన్నా తికమకే. 2తో భాగించేది మొత్తాన్నా, 1నేనా? "లవంలో ఎక్స్ ప్లస్ 1, హారంలో 2, భిన్నం ముగిసింది" అనడానికి ఎంతసేపు పడుతుంది? వెనక బెంచీలకీ అదే మేలు.
స్క్రైబ్ సంగతీ చూడండి. సొంతంగా తెచ్చుకుంటే అతని చదువు ఒక మెట్టు తక్కువుండాలని ఆ మార్గదర్శకాలే అన్నాయి. పాక్షిక అవకలనం గుర్తుని (∂) అతను మామూలు "డి" అని చదివేస్తే ప్రశ్నే మారిపోతుంది.

లైబ్రరీ డెస్క్:
నోట్సు ముందే ఇస్తే సగం గొడవ తీరుతుంది. కానీ ఫోన్‌తో ఫొటోలు తీసి చేసిన పీడీఎఫ్ స్క్రీన్ రీడర్‌కి, అంటే తెరమీది అక్షరాల్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్‌కి, ఖాళీ కాగితమే. తెలుగు మెటీరియల్‌తో ఇంకో తంటా: అను ఫాంట్లలో కొట్టిన ఫైలు తెరమీద తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాటినే చదివేస్తుంది. తెలుగు అక్షరాల్ని తెలుగుగానే దాచే యూనికోడ్‌కి మార్చి, ఒత్తులు మళ్లీ సరిచూడాలి. సమీకరణాల్ని బొమ్మలుగా అతికించకండి. వర్డ్ ఈక్వేషన్ ఎడిటర్‌లో రాస్తే, లెక్కల గుర్తుల్ని మాటలుగా మార్చే మ్యాత్‌క్యాట్ ఉన్న ఎన్‌వీడీఏ చదవగలదు.

పరీక్షల సెక్షన్:
నోట్సు ముందే వాట్సాప్‌లో పడితే క్లాసుకి వచ్చేదెవరు?

లెక్కల మేడం:
లెక్కలిచ్చి సాధనలు ఖాళీగా వదలండి, వస్తారు. గ్రాఫులకి మాత్రం నోట్సు చాలదు. దళసరి అట్టమీద ఫెవికాల్ గీసి, దానిమీద దారం అతికించి పూర్తిగా ఆరనివ్వాలి. అక్షాలకి లావు దారం, వక్రానికి సన్నది. రెండూ ఒకటే అయితే ఖండన బిందువు దగ్గర వేలు దారి తప్పుతుంది. అంకెలు బ్రెయిలీలో. ఒక అట్టమీద ఒకే వక్రం.

పరీక్షల సెక్షన్:
సరే, పేపర్లోనే "గ్రాఫ్ గీయండి" అని వస్తే?

లెక్కల మేడం:
చూసి చేయాల్సిన ప్రశ్నకి బదులు ప్రశ్న ఇవ్వాలని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ మాట పేపర్ సెట్టర్‌కి చేరాల్సింది మీ సెక్షన్ నుంచే సార్.