ఫైనాన్స్ మేనేజర్ ఆఫర్‌లో “టార్గెట్ బోనస్ 25%” అంటే చేతికి ఎంత వస్తుందని లెక్కేసుకోవాలి?

ట్రయల్‌బ్యాలెన్స్ (ప్రశ్న)

కార్పొరేట్ ఫైనాన్స్‌లో బడ్జెట్, ఫోర్‌కాస్ట్ చూసే టీముకు మేనేజర్ పోస్టు. కింద నలుగురు, పైన డైరెక్టర్. రెండు ఆఫర్లు ఉన్నాయి. కరెన్సీ గొడవ లేకుండా మొదటి ఆఫర్‌లోని ఫిక్స్‌డ్ జీతాన్ని 100 అనుకుని చెప్తున్నాను.

ఆఫర్ అ: ఫిక్స్‌డ్ 100, టార్గెట్ బోనస్ 25%, నాలుగేళ్లలో వెస్ట్ అయ్యే (విడతలుగా సొంతమయ్యే) షేర్లు 40, జాయినింగ్ బోనస్ 12.
ఆఫర్ ఆ: ఫిక్స్‌డ్ 110, టార్గెట్ బోనస్ 10%, షేర్లు లేవు, జాయినింగ్ బోనస్ లేదు.

ఆ 25 శాతాన్ని ఉన్నదున్నట్టు కలుపుకోవచ్చా? ఈ స్థాయికి మామూలుగా ఎంత శాతం ఉంటుంది? బేరం దేనితో మొదలుపెట్టాలి? ఇప్పుడు పనిచేస్తున్న చోట ఈ ఏడాది బోనస్ ఇంకా చేతికి రాలేదు, అదీ ఒక లెక్కే.

కాలమ్_జీ

25 మీకు వచ్చే మొత్తం కాదండీ, ఒక గుణకారంలో మొదటి అంకె మాత్రమే. చాలా ప్లాన్లు ఇలా ఉంటాయి: అర్హమైన జీతం × టార్గెట్ శాతం × కంపెనీ ఫ్యాక్టర్ (కంపెనీ ఫలితాలను బట్టి వచ్చే గుణకం) × వ్యక్తిగత ఫ్యాక్టర్ (మీ రేటింగును బట్టి వచ్చేది) × ఏడాదిలో పనిచేసిన భాగం.

కంపెనీ ఫ్యాక్టర్ 0.8, మీ రేటింగుకు 1.1 వచ్చాయనుకోండి. 100 × 25% × 0.8 × 1.1 = 22. ప్లాన్ సంవత్సరం జనవరి నుంచి డిసెంబర్, మీరు చేరింది ఏప్రిల్ 1న అయితే పనిచేసింది 275 రోజులు. 22 × 275/365 అంటే సుమారు 16.6.

ఇక్కడే ఒక తప్పు తరచుగా దొర్లుతుంది. “అర్హమైన జీతం” అన్న మాటకు కొన్ని ప్లాన్లలో ఏడాది చివరన ఉన్న వార్షిక జీతం అని అర్థం, కొన్నింటిలో ఆ ఏడాది నిజంగా చెల్లించిన జీతం అని. రెండోదైతే మీ 100 ముందే 75.3కి తగ్గిపోయి ఉంటుంది. దాని మీద లెక్కేసిన 16.6 బోనస్‌ను మళ్లీ 275/365తో గుణిస్తే 12.5 వస్తుంది. ఒకే కోత రెండుసార్లు పడ్డట్టు. బోనస్ లెటర్ వచ్చాక ముందుగా చూడాల్సింది ఇదే. ఏడాది మధ్యలో జీతం పెరిగినప్పుడు కూడా ఈ నిర్వచనమే తేడా తెస్తుంది. ఏడాది చివరి జీతం లెక్కలోకి తీసుకునే ప్లాన్ అయితే పెంపు మొత్తం బోనస్‌లోకీ వస్తుంది.

రెండోది, ఫ్యాక్టర్లను గుణిస్తారా, వెయిటేజీలు వేసి కలుపుతారా? కంపెనీకి 70, వ్యక్తికి 30 వెయిటేజీ అయితే 0.7 × 0.8 + 0.3 × 1.1 = 0.89, అంటే 22.25. మంచి ఏడాదిలో పెద్ద తేడా లేదు. కంపెనీ ఫ్యాక్టర్ సున్నా అయిన ఏడాదిలో మాత్రం గుణకారం ప్లాన్‌లో మీకూ సున్నాయే, మీరు ఎంత బాగా చేసినా సరే. కూడిక ప్లాన్‌లో 8.25 మిగులుతుంది.

కంపెనీ ఫ్యాక్టర్ నేరుగా ఫలితాల శాతం కాదు, ఒక వంపు మీద నడుస్తుంది. ఉదాహరణకు లాభం టార్గెట్‌లో 80% చేరితే చెల్లింపు 50%, 100కి 100, 120కి 200. మధ్యలో సరళరేఖ. 90 చేరితే 75 ఇస్తారు. 79.9 చేరితే ఏమీ ఇవ్వరు. అందుకే మూడేళ్ల కంపెనీ ఫ్యాక్టర్లు హెచ్‌ఆర్‌ను అడగండి. అది రహస్యమేమీ కాదు, గత ఏడాది ఎంత శాతం చెల్లించారో ఉద్యోగులందరికీ తెలిసే ఉంటుంది. చెప్పడానికి తటపటాయిస్తే దాని అర్థం మీకు తెలిసినట్టే.

‘అ’లో మూడేళ్లు 0.9, 0.4, 0.5 అనుకుంటే సగటు 0.6. అప్పుడు నగదు 100 + 15 = 115. ‘ఆ’ వాళ్లు నిలకడగా 0.95 దగ్గర చెల్లిస్తుంటే 110 + 10.45 = 120.45. కాగితం మీద 125కి 121గా కనిపించింది తిరగబడింది. ఈ ఫ్యాక్టర్లు నేను వేసుకున్నవే, మీకు దొరికిన అంకెలు అక్కడ పెట్టుకోండి.

మిడ్‌పాయింట్

పై లెక్కతో పేచీ లేదు. బేరం మాత్రం జీతంతో కాదు, గ్రేడ్‌తో మొదలుపెట్టండి.

టార్గెట్ శాతం, షేర్ల అర్హత, కొన్నిచోట్ల నోటీసు గడువు కూడా గ్రేడ్‌కు కట్టేసి ఉంటాయి. మధ్యస్థాయి ఫైనాన్స్ మేనేజర్లకు 10 నుంచి 20 శాతం టార్గెట్ ఎక్కువగా కనిపిస్తుంది. 25 అంటే సీనియర్ మేనేజర్ పైమెట్టు, డైరెక్టర్‌కు దగ్గర. కాబట్టి ‘ఆ’ వాళ్లు ఇచ్చిన 10 మీ అనుభవానికి ఒక గ్రేడ్ తక్కువ కావచ్చు. “బోనస్ 15 చేయండి” అంటే రిక్రూటర్ చేతిలో ఉండదు, ప్లాన్ ఒప్పుకోదు. “ఈ పోస్టు ఏ గ్రేడ్, పై గ్రేడ్‌కు ఏం అర్హతలు కావాలి” అని అడిగితే ఆ తలుపు తెరుచుకునే అవకాశం ఉంది. చేరాక గ్రేడ్ మారాలంటే ప్రమోషన్ చక్రం దాకా ఆగాల్సిందే.

ఆ తర్వాత బ్యాండ్‌లో, అంటే ఆ గ్రేడ్‌కు పెట్టిన జీతాల పరిధిలో, మీ చోటు. చాలా బ్యాండ్లు మిడ్‌పాయింట్‌కు (మధ్య అంకెకు) అటూ ఇటూ 20 శాతం ఉంటాయి. మిడ్‌పాయింట్ 105 అయితే బ్యాండ్ 84 నుంచి 126. జీతాన్ని మిడ్‌పాయింట్‌తో భాగిస్తే వచ్చేది కంపా రేషియో: 100కి 0.95, 110కి 1.05. ఏటా పెంపు ఇచ్చే పట్టికలో ఒకే రేటింగుకు కంపా రేషియో తక్కువ ఉన్నవాళ్లకు ఎక్కువ శాతం, ఎక్కువ ఉన్నవాళ్లకు తక్కువ శాతం పెడతారు. బ్యాండ్ పైఅంచున చేరితే మొదటి రోజు బాగానే ఉంటుంది, మూడేళ్లు పెంపు నీరసంగా ఉంటుంది. బ్యాండ్ అంకెలు చెప్పకపోయినా “మిడ్‌పాయింట్‌కు పైనా కిందా” అన్న దానికి జవాబు సాధారణంగా చెప్తారు.

ఇంకో మాట. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల బోనస్‌లతో పోల్చుకోకండి. అక్కడ డీల్ ఆదాయంలోంచి వచ్చే పూల్ (బోనస్‌గా పంచే మొత్తం) వేరు. కంపెనీలోని ఫైనాన్స్ విభాగం ఖర్చు కేంద్రం, అంటే నేరుగా ఆదాయం తెచ్చేది కాదు, ఇక్కడ ఫిక్స్‌డే ప్రధానం.

కాలమ్_జీ

గ్రేడ్ ముందు అన్నదానికి ఒప్పుకుంటాను, ఒక షరతుతో. పోస్టు మంజూరైన గ్రేడ్ ఒకటే ఉండి మార్చే వీలు లేకపోతే బలమంతా ఫిక్స్‌డ్ మీదే పెట్టండి. తర్వాతి పెంపులు, బోనస్ శాతం, ఉద్యోగం పోతే ఇచ్చే పరిహారం, అన్నీ ఎక్కువగా దాని మీదే లెక్కవుతాయి. 3 పెరిగిన ఫిక్స్‌డ్ ఏటా ఉంటుంది. 3 పెరిగిన జాయినింగ్ బోనస్ ఒక్కసారే.

ట్రయల్‌బ్యాలెన్స్

చాలా స్పష్టంగా ఉంది, ఇద్దరికీ థ్యాంక్స్. షేర్లు 40 అంటే ఏడాదికి 10 అని కలిపితే ‘అ’ మళ్లీ 125 అవుతుంది కదా? జాయినింగ్ బోనస్ 12కి “24 నెలల లోపు మానేస్తే తిరిగి చెల్లించాలి” అని ఉంది.

సన్నక్షరాలు

ఏడాదికి 10 అన్న సగటు సరే, అది ఎప్పుడు వస్తుందో చూడండి. నాలుగేళ్ల వెస్టింగ్‌లో సాధారణంగా మొదటి 12 నెలలు ఏమీ రాదు, 12వ నెలలో 25% ఒకేసారి, తర్వాత మూడు నెలలకోసారి. 11వ నెలలో మానేస్తే సున్నా. 40 అన్నది షేర్లు మంజూరు చేసిన నాటి విలువా, యూనిట్ల సంఖ్యా? విలువైతే ఏ తేదీ ధరతో, లేదా ఎన్ని రోజుల సగటు ధరతో యూనిట్లుగా మారుస్తారో లెటర్‌లో ఉండాలి. కంపెనీ లిస్ట్ కానిదైతే అమ్ముకునే దారేమిటో తెలిసేదాకా ఆ 10ని లెక్కలో పెట్టకండి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది. లిస్ట్ అయినదైతే 10ని 7 లేదా 8గా వేసుకుంటే గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు.

జాయినింగ్ బోనస్ షరతులో మూడు మాటలు వెతకండి. ఒకటి, దామాషా ఉందా. 14 నెలలు పనిచేసి మానేస్తే దామాషా ఉన్నచోట 12లో 10/24 వంతు, అంటే 5 కడితే చాలు. లేకపోతే మొత్తం 12. రెండోది, తిరిగి కట్టేది పన్ను కోతకు ముందు మొత్తమా, చేతికొచ్చిన మొత్తమా. 30% కోశారనుకుంటే మీకు వచ్చింది 8.4, కట్టమనేది 12. మిగతా 3.6 పన్ను సర్దుబాటులో తిరిగి రాబట్టుకోవడం మీ తలనొప్పి. “నికరంగా అందిన మొత్తం” అని రాయించుకోండి. మూడోది, ఉద్యోగం వాళ్లే తీసేస్తే మినహాయింపు ఉందా. “ఏ కారణం చేతనైనా” అని ఉంటే పోస్టు రద్దయినా మీరు కట్టాల్సిందే. “స్వచ్ఛందంగా రాజీనామా చేసినా, క్రమశిక్షణ కారణంగా తొలగించినా” అని మార్పించడం పెద్ద కష్టం కాదు, అడిగితే మారుస్తారు.

బోనస్ ప్లాన్ పత్రం వేరుగా అడగండి. ఆఫర్ లెటర్‌లో ఒక్క వాక్యమే ఉంటుంది, “కంపెనీ విచక్షణ మేరకు” అన్న మాట ఆ పత్రంలోనే దాక్కుంటుంది. ఏ తేదీ తర్వాత చేరినవాళ్లకు ఆ ఏడాది బోనస్ లేదో కూడా అందులోనే ఉంటుంది. జనవరి–డిసెంబర్ ప్లాన్లలో చివరి మూడు నెలల్లో చేరినవాళ్లను వదిలేయడం మామూలే.

రోల్‌ఫార్వర్డ్

వ్యక్తిగత ఫ్యాక్టర్ ఎలా తేలుతుందో ఎవరూ చెప్పలేదు. చాలాచోట్ల అందరి ఫ్యాక్టర్ల సగటు 1.0 దగ్గర ఉండాలని పూల్ ముందే బిగిస్తారు. మీకు 1.2 వేయాలంటే డైరెక్టర్ ఇంకొకరికి 0.8 వేయాలి. ఆ బేరసారాల్లో నిలబడేది కొలవగలిగే లక్ష్యమే.

“ఫోర్‌కాస్ట్ ఖచ్చితత్వం మెరుగుపరచాలి” అని రాస్తే ఏడాది చివర వాదనే మిగులుతుంది. “ప్రతి త్రైమాసికం రెండో నెల 5వ పనిదినాన లాక్ చేసిన ఫోర్‌కాస్ట్‌తో పోలిస్తే నిర్వహణ లాభంలో తేడా ±3% లోపు, మారకం రేట్ల ప్రభావం, ఏడాది మధ్యలో కొన్న వ్యాపారాలు మినహా” అని రాయండి. ఏ ఫోర్‌కాస్ట్, ఏ తేదీది, ఏ రిపోర్టులోంచి, ఏం మినహాయించి అన్న నాలుగూ ఉండాలి. నెలవారీ ఖాతాల ముగింపు 8 పనిదినాల నుంచి 6కి తగ్గించడం లాంటివి ఇంకా సులువు, తేదీ సిస్టమ్‌లోనే ఉంటుంది. అమ్మకాల పెరుగుదల లాంటిది మీ లక్ష్యాల్లో పెడితే వద్దనండి, మీ చేతిలో లేనిది అప్పటికే కంపెనీ ఫ్యాక్టర్‌లో ఉంది.

కంపెనీ ఫ్యాక్టర్ కొలిచే లాభం పుస్తకాల్లోదా, సర్దుబాటు చేసినదా కూడా అడగండి. పునర్‌వ్యవస్థీకరణ ఖర్చు తీసేసి లెక్కించే కంపెనీకీ, తీసేయని కంపెనీకీ ఒకే ఏడాదిలో 0.9కి 0.4 అన్నంత తేడా రావచ్చు.

ఫైనాన్స్‌వాళ్లకు ఒక సౌలభ్యం ఉంది, బోనస్ ప్రొవిజన్ (ఇవ్వాల్సిన బోనస్ కోసం పుస్తకాల్లో పక్కన పెట్టే మొత్తం) నెలనెలా కళ్ల ముందే నడుస్తుంది. 100% మీద పెడుతూ వచ్చిన ప్రొవిజన్‌ను మూడో త్రైమాసికంలో వెనక్కి తిప్పారంటే ఫ్యాక్టర్ పడిపోయిందన్నమాట. టీముకు చెప్పకూడదు, మీ ఇంటి ఖర్చుల లెక్క మాత్రం ఆ నెలలోనే మార్చుకోవచ్చు.

సన్నక్షరాలు

ఇప్పటి చోట రావాల్సిన బోనస్ గురించి అడిగారు కదా. చాలా ప్లాన్లలో చెల్లింపు రోజున పేరోల్‌లో ఉండాలి, కొన్నింటిలో ఆ రోజుకు నోటీసులో కూడా ఉండకూడదు. ఆడిట్ ముగిశాకే చెల్లిస్తారు కాబట్టి సంవత్సరం ముగిసిన రెండు నుంచి నాలుగు నెలల తర్వాత వస్తుంది. ఆగడం కుదిరితే చేరే తేదీ జరపమని అడగండి. కుదరకపోతే పోయే బోనస్‌కు బదులు ఇమ్మని కొత్తవాళ్లను అడగండి, గత ఏడాది బోనస్ లెటర్, ప్లాన్‌లోని ఆ క్లాజు జతచేసి. జాయినింగ్ బోనస్ 12 దీనికే ఇస్తున్నారా, అదనంగానా అన్నది ముందు తేల్చుకోండి. ఆగుతున్నట్టయితే రాజీనామా పంపేది బోనస్ ప్రకటించిన రోజున కాదు, ఖాతాలో జమ అయ్యాక.