హెలెన్ బ్యారెట్ మాంట్‌గొమరీ, మన బైబిలు స్త్రీలు: వివరాలు కావాలి

మా నల్గొండ సంఘంలోని స్త్రీల సమాజం కోసం హెలెన్ బ్యారెట్ మాంట్‌గొమరీ గారి (1861–1934) జీవితంపై తెలుగులో ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. అమెరికాలోని రాచెస్టర్‌లో 1892లోనే తన సంఘం నుంచి ప్రసంగించే అనుమతి పొందిన ఆమె, 1921లో అక్కడి బాప్టిస్టు సంఘాల సమాఖ్య అయిన ఉత్తర బాప్టిస్టు కన్వెన్షన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. గ్రీకు నుంచి ఆంగ్లంలోకి ఆమె చేసిన కొత్త నిబంధన అనువాదం 1924లో వెలువడింది. అంతటి పాండిత్యం ఉండీ, స్త్రీల బైబిలు తరగతిని నలభై ఏళ్లకు పైగా విడవకుండా నడపడమే నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది.

ఆ కథ పక్కనే మన స్త్రీల కథ కూడా ఉండాలని నా కోరిక. 1890 ప్రాంతంలో మిషనరీలైన ఫ్రీసెన్ దంపతులు నల్గొండలో మిషన్ ప్రారంభించిన నాటి నుంచి ఊరూరా తిరిగి, ఆడవాళ్ల మధ్య కూర్చుని వాక్యం బోధించిన బైబిలు స్త్రీల పేర్లు సంఘ చరిత్రల్లో అరుదుగా కనిపిస్తాయి. మా నాయనమ్మ వారిలో ఒకరు. ఆమె బైబిలు అంచుల్లో ఊళ్ల పేర్లు, అక్కడ బోధించిన అధ్యాయాల సంఖ్యలు పెన్సిలుతో రాసి ఉన్నాయి.

మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు వైపు ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి బైబిళ్లు, శిక్షణ ధ్రువపత్రాలు, పాత ఫోటోలు ఉంటే దయచేసి తెలియజేయండి. ఆ బైబిలు స్త్రీలు ఎక్కడ చదివారు, ఎవరి దగ్గర పాఠాలు నేర్చుకున్నారు, జీతం ఎంత అన్న వివరాలు మరీ ముఖ్యం. రామాపట్నం వేదాంత పాఠశాలలో భర్తలతోపాటు భార్యలూ చదివేవారని పెద్దలు చెప్పగా విన్నాను. అలా చదివి మన వైపు వచ్చిన వారెవరైనా మీకు తెలుసా? మీ అనుమతి లేకుండా దేన్నీ అచ్చు వేయను.