సీనియర్ డ్రాయింగ్ మాస్టారి క్లాసు చూడబోతున్నా, దేని మీద కన్ను వేయాలి?

నారుమడి:

నమస్కారమండి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు అయ్యాయి, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ కూడా పూర్తయింది. వచ్చే సోమవారం నుంచి మూడు రోజులు రాజోలు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సీనియర్ డ్రాయింగ్ మాస్టారి క్లాసులు వెనక బెంచీలో కూర్చుని చూడ్డానికి హెడ్మాస్టారు ఒప్పుకున్నారు. తొమ్మిదో తరగతికి స్టిల్ లైఫ్ (ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి గీయడం: ఇత్తడి చెంబు, కొబ్బరిబోండం, అరటిపళ్లు), ఆరో తరగతికి నీటిరంగులు. పీరియడు 45 నిమిషాలు, క్లాసుకి అరవై మంది, బెంచీకి ముగ్గురు.

బొమ్మ వేయడం వచ్చండి. అరవై మంది చేత ఒకేసారి వేయించడం ఎలాగన్నదే తెలియడం లేదు. ఊరికే కూర్చుంటే మూడు రోజులూ ఇట్టే గడిచిపోతాయని భయం. ఏం చూడాలి, ఏం రాసుకోవాలి, మాస్టార్ని ఏం అడగాలి?

ఇత్తడిచెంబు:

అమ్మా, ముందు ఆ వెనక బెంచీ ఆలోచన మానుకో. అక్కణ్నుంచి నీకు కనపడేది అరవై వీపులు. గోడవారగా, ముందు నుంచి మూడో బెంచీ సూటిలో కుర్చీ వేయించుకో. పిల్లల చేతులు, మొహాలు, మాస్టారు ఎటు తిరుగుతున్నారన్నది, అన్నీ అక్కణ్నుంచి తెలుస్తాయి.

వాచీ విప్పి ఒళ్లో పెట్టుకో. మొదటి ఎనిమిది నిమిషాలు, చివరి ఏడు నిమిషాలు ఒక్కటీ వదలకుండా రాసుకో. మధ్యలో ముప్ఫై నిమిషాలు సాఫీగా సాగాయంటే అది ఆ రెండు కొసల్లో చేసిన పని వల్లే.

మొదట్లో చూడాల్సింది ఏ వస్తువు ఎప్పుడు పిల్లల చేతికి వెళ్లిందన్నది. చేతిలో రంగు పడ్డాక ఆరో తరగతి పిల్లాడికి చెవులు పనిచేయవు. అందుకని తెలిసిన మాస్టారు పని చెప్పేసి, ఒక పిల్లాణ్ని లేపి అదే మళ్లీ చెప్పించి, ఆ తర్వాతే సామాను వదులుతారు. కాగితాలు మాత్రం ముందే ఇచ్చేయొచ్చు, వెనక పేరు రాసుకుంటూ కుదురుకుంటారు. లెక్క కూడా గమనించు. 22×28 అంగుళాల చార్టు నాలుగు ముక్కలు చేస్తే 11×14 వస్తుంది. అరవై మందికి 15 చార్టులు, పాడుచేసేవాళ్లకి ఇంకో రెండు. ముందురోజే కోసి వరసకి పదిహేనేసి కట్టలు కట్టి, వరస మొదట్లో ఉన్నవాడి చేతికిస్తే నిమిషంన్నరలో పంపకం అయిపోతుంది. మాస్టారే బెంచీ బెంచీకీ తిరిగి పంచితే ఆరేడు నిమిషాలు అక్కడే పోతాయి, ఆలోగా ముందు బెంచీలో గోల మొదలవుతుంది.

స్టిల్ లైఫ్ రోజు ఇంకాస్త ముందే వెళ్లు, వస్తువులు సర్దడం చూడాలి. అరవై మందికి ఒక్క అమరిక చాలదు. మూడైనా ఉండాలి, బల్ల మీద స్టూలు వేసి పెట్టాలి. కూర్చున్న పిల్లాడికి చెంబు మూతి కొంచెం కనపడాలి, అదీ ఎత్తుకి కొలత. ఒక వైపు కిటికీలు మూసి, ట్యూబులైట్లు ఆపేస్తారు. రెండు వైపుల నుంచీ వెలుతురు వస్తే చెంబుకి రెండు నీడలు పడతాయి, షేడింగు ఎటు వేయాలో పిల్లలకి అంతుచిక్కదు.

ఇక చెంబు. మూతి దగ్గరే తప్పులన్నీ. రెండు కొసలూ మొనదేలి చేపలా గీస్తారు. అడుగున మాత్రం స్కేలు పెట్టినట్టు అడ్డగీత కొడతారు, బల్ల మీద కదలకుండా నిలబడింది కాబట్టి అడుగు తిన్నగా ఉంటుందని వాళ్ల లెక్క. దీన్ని మాటల్లో ఎంత చెప్పినా ఎక్కదు. ఒక చేతి గాజు తీసుకుని, పడుకోబెట్టినట్టు పట్టుకుని, పిల్లాడి కంటికి సరిగ్గా ఎదురుగా ఉంచితే ఒట్టి గీతలా కనపడుతుంది. అలాగే మెల్లిగా కిందికి దించుతుంటే విచ్చుకుంటుంది. ఎంత దిగితే అంత గుండ్రం. ఎక్కడా కొస మొనదేలదు, తిరిగి వెనక్కి పోతుంది. చెంబు అడుగు మూతి కన్నా కిందుంది కాబట్టి అడుగు వంపు మూతి వంపు కన్నా ఎక్కువ ఉండాలి. ఆ గాజు దిగుతున్నప్పుడు నువ్వు మాస్టార్ని చూడకు, పిల్లల కళ్లు చూడు. ఎవరికి అందిందో అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత మాస్టారి తిరుగుడు. మొదటి చుట్టు ఎక్కడా ఆగకుండా రెండు నిమిషాల్లో ముగుస్తుంది. అందులో చూసేది ఒక్కటే, బొమ్మ కొలత. పెద్ద కాగితం మూలన బొటనవేలంత చెంబు గీసి కూర్చుంటారు. పైన, కింద, కుడి, ఎడమ నాలుగు చుక్కలు పెట్టించి, వాటికి తగిలేలా గీయమంటే ఆ జబ్బు పోతుంది. రెండో చుట్టులో మనిషికి ఇరవై సెకన్లు. అరవై మందికి సరిగ్గా ఇరవై నిమిషాలు. ఒకడి దగ్గర మూడు నిమిషాలు నిలబడితే ఎనిమిది మంది దగ్గరికి వెళ్లనట్టే. అందుకే ఒకే తప్పు ఐదారుగురిలో కనపడగానే తిరగడం ఆపి, పెన్సిళ్లు కింద పెట్టించి, బోర్డు మీద ఒక్కసారి చూపించేస్తారు. అలా ఎన్నిసార్లు ఆపారో, ఆపబోయే ముందు ఎవరి కాగితం చూశారో రాసుకో.

ఇంకోటి. పిల్లల కాగితం మీద ఆయన గీత పడదు. జేబులో చిన్న చీటీలుంటాయి, తప్పు దాని మీద గీసి చూపించి చీటీ అక్కడే వదిలి వెళ్తారు. కాగితం మీద మాస్టారి గీత పడ్డాక ఆ బొమ్మ పిల్లాడిది కాకుండా పోతుంది, ఆ తర్వాత ప్రతి గీతకీ “మాస్టారండీ” అని చెయ్యెత్తుతాడు.

లాకుల దగ్గర:

ఆరో తరగతి నీటిరంగుల గురించి నేను చెబుతానండి. ఇప్పుడు ఆగస్టు, మన డెల్టాలో గాలే తడి. ఈ నెలల్లో నీటిరంగు వేయించడం వేసవిలో వేయించినట్టు ఉండదు. కాగితం అప్పటికే చెమ్మ పీల్చి మెత్తబడి ఉంటుంది, మొదటి పూత పీరియడులో ఆరదు. ఆరకుండా పక్క రంగు వేయగానే ఒకదాంట్లోకొకటి పాకి బురదవుతుంది. తెలిసినవాళ్లు ఒక పీరియడులో ఆకాశం, నీళ్లు లాంటి పెద్ద పూతలే వేయించి ఆపేస్తారు. చెట్లు, పడవలు వచ్చే వారం. చార్టుల్ని గోడకి ఆనించి నేల మీద పెట్టకుండా పాలిథిన్‌లో చుట్టి పై అరలో పెట్టారేమో కూడా చూడండి.

పూత వేసేటప్పుడు అట్ట పై అంచు కింద ఒక పుస్తకం పెట్టి రెండంగుళాలు లేపుతారు. రంగు మెల్లిగా కిందికి జారుతుంది, బ్రష్షు ఆ తడి అంచుని పట్టుకుని దిగుతుంది. అట్ట బల్లపరుపుగా ఉంటే నీళ్లు మధ్యలో నిలబడి, ఆరాక మచ్చలు తేలతాయి. చివర్లో అడుగున చేరిన రంగుని పిండిన బ్రష్షుతో పీల్చేయాలి. పిల్లలు మరిచిపోయేది ఇదే.

నీళ్లు మనిషికో మగ్గు ఇస్తే క్లాసు చెరువవుతుంది. బెంచీకి ఒక్కటి, మూడో వంతు నిండితే చాలు. మన వైపు కొబ్బరిచిప్పలు వాడేవాళ్లున్నారు. మంచిదే, పైసా ఖర్చు లేదు, పగలవు. కానీ అడుగు గుండ్రం, మోచెయ్యి తగిలితే బోర్లా పడుతుంది. కింద పీచుతాడుతో చుట్టకుదురు చేసి పెడితే కదలదు. ఇరవై బెంచీలకి ఇరవై చిప్పలు, చిప్పకి 150 మిల్లీలీటర్లు అనుకుంటే మూడు లీటర్లు. ఒక బకెట్టు మంచినీళ్లు, ఒకటి ఖాళీ. వరసకి ఒక్క పిల్లాడే లేచి మార్చాలి. అందర్నీ కుళాయికి వదిలారా, ఇక ఆ పీరియడు అయిపోయినట్టే.

రంగు కలపడంలో ఒక కిటుకు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు ఇస్తారు, నలుపు ఇవ్వరు. నలుపు దొరికితే ప్రతి నీడా దాంతోనే వేస్తారు, బొమ్మంతా మసి. పచ్చ చేయడానికి ముందు పసుపు తీసుకుని అందులో నీలం బ్రష్షు కొసతో చేర్చాలి. నీలం బలమైన రంగు, ముందు అది వేసుకుని పసుపు చేర్చుకుంటూ పోతే సీసా సగం ఖాళీ అయినా నీలంగానే ఉంటుంది. పసుపు నాలుగు పాళ్లు, నీలం ఒకటి కన్నా తక్కువ అయితే నారుమడి పచ్చ. నీలం ఇంకొంచెం వేసి, ఎరుపు ఒక్క చుక్క తగిలిస్తే కొబ్బరాకు ముదురు వస్తుంది.

చివరి ఏడు నిమిషాల్లో బ్రష్షులు లెక్కకి వస్తాయో లేదో చూడండి. అట్టకి బెజ్జాలు పెట్టి నంబర్లు వేస్తే ఏది రాలేదో చెప్పకుండానే తెలుస్తుంది. బ్రష్షుని నీళ్లలో నిలబెట్టి వదిలేస్తే వెంట్రుకలు వంగిపోతాయి, రేకు గొట్టంలోకి నీళ్లు దిగి జిగురు వదులుతుంది. రంగు బిళ్లల డబ్బాలు తడి మీద మూస్తే ఈ కాలంలో వారానికే బూజు.

రెండు-బీ:

పైన ఇత్తడిచెంబు గారు చెప్పినవన్నీ నిజమే కానీ కాగితం మీద చెయ్యి వేయకూడదన్న మాట ఆరో తరగతికి అలాగే వర్తించదండి. బ్రష్షు పట్టు చీటీ మీద చూపిస్తే రాదు. పిల్లాడి వేళ్ల మీద వేళ్లు వేసి, బ్రష్షు పడుకోబెట్టి, ఒక్క పూత వేయించాల్సిందే. నొక్కుడు ఎంతో చేతికి చేత్తోనే తెలుస్తుంది. గీత సరిదిద్దడం వేరు, పట్టు నేర్పడం వేరు. మాస్టారు ఎక్కడ చెయ్యి వేస్తున్నారు, ఎక్కడ వేయడం లేదు అన్నది విడివిడిగా రాసుకోండి.

రబ్బరు మీద కూడా కన్నుండాలి. మొదటి పది నిమిషాలు రబ్బరు బయటికి తీయనివ్వని మాస్టర్లున్నారు. నీటిరంగు రోజు దానికి గట్టి కారణం ఉంది. రుద్దినచోట కాగితం పైపొర లేచి పీచు తేలుతుంది, అక్కడ రంగు ఎక్కువ పీల్చి మచ్చ పడుతుంది. ఎంత ఆరినా పోదు. అందుకే లేత గీతలకి హెచ్‌బీ, అదీ పెన్సిలు వెనగ్గా పట్టుకుని. స్టిల్ లైఫ్ షేడింగుకి మెత్తటి 2బీ, 4బీ. మన ఉక్కపోతకి చెయ్యి చెమర్చి, ఇంకా మెత్తటి 6బీ అంతా అలుక్కుపోతుంది, చేతి కింద రఫ్ కాగితం ముక్క పెట్టించారా లేదా చూడండి.

నారుమడి:

అందరికీ ధన్యవాదాలండి. కుర్చీ గోడవారే వేయించుకుంటాను. ఇంకో రెండు సందేహాలు. తొమ్మిదో తరగతిలో “నాకు రాదండి” అని కాగితం తిప్పేసి కూర్చునేవాళ్లని మాస్టారు ఎలా పట్టుకుంటారో చూడాలనుంది. రాసుకోవడానికి ఏదైనా పద్ధతి చెప్పండి.

గోదారిగట్టు:

రాసుకోవడం తేలిక. పేజీలో మూడు గళ్లు గీయండి: నిమిషం, మాస్టారు చేసింది, పిల్లలు చేసింది. “బాగా వివరించారు” అని రాయొద్దు. “9వ నిమిషం, బోర్డుకి పక్కగా నిలబడ్డారు, మూతి తప్పుగా గీసి ఏం తేడా అని అడిగారు, ఏడుగురు చెయ్యెత్తారు” అని రాయండి. మొదటిదాని నుంచి రేపు మీ క్లాసులో చేయడానికి ఏమీ దొరకదు. అరవై మందినీ చూడలేరు కాబట్టి ముగ్గుర్ని ఎంచుకుని పీరియడంతా వాళ్లనే గమనించండి. ముందు బెంచీ ఒకరు, వెనక బెంచీ ఒకరు, కిటికీ పక్కన ఒకరు. పేర్లు రాయకుండా గుర్తులు పెట్టుకోండి, పిల్లల ఫోటోలు తీయొద్దు.

“నాకు రాదు” అన్న మాట ఆరో తరగతిలో పెద్దగా వినపడదు, తొమ్మిదిలో క్లాసంతా అదే. పదమూడు, పద్నాలుగేళ్లకి కన్ను ముందుకు పరిగెడుతుంది, చెయ్యి వెనకపడుతుంది. తన బొమ్మ ఎదురుగా ఉన్న వస్తువులా లేదని వాడికే తెలిసిపోతుంది, అందుకే కాగితం తిప్పేస్తాడు. అలాంటప్పుడు “బాగుంది, వెయ్యి” అంటే నమ్మడు. మంచి మాస్టారు కొలిచి చెప్పగలిగే ప్రశ్న వేస్తారు: “చెంబు వెడల్పు ఎక్కువా, ఎత్తు ఎక్కువా? పెన్సిలు పెట్టి చూసి చెప్పు.” చెయ్యి పూర్తిగా చాపాలి, ఒక కన్ను మూయాలి, మోచెయ్యి వంగితే ప్రతిసారీ కొలత మారుతుంది. జవాబు చెప్పాడంటే సగం పని అయినట్టే, ఆ కొలత కాగితం మీద రెండు చుక్కలుగా పెట్టించి మాస్టారు కదిలిపోతారు. మళ్లీ ఎన్ని నిమిషాలకి వాడి దగ్గరికి వచ్చారో చూడండి. రాకుండా ఉండరు.

అలాగే పదిహేను నిమిషాల్లో ముగించేసి చేతులు కట్టుకునే పిల్ల ఒకతి ఉంటుంది. ఆ పిల్లకి ఏం పని ఇస్తారన్నది చాలామంది గమనించరు. పక్కవాళ్లకి సాయం చెయ్యమనడం తేలిక దారి, దానివల్ల ఆ పిల్ల చెయ్యి ఎదగదు. అదే చెంబుని ఇంకో వైపు నుంచి, ఈసారి రబ్బరు లేకుండా వేయమనడం ఆ పిల్లకి తర్వాతి మెట్టు. రాజమహేంద్రవరంలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి (1897-1925) ఆర్టు గ్యాలరీ ఉంది కదా, మీ మూడు రోజులూ అయ్యాక ఒక పూట చూసి రండి. ఆయన చేతిలో ఏముందో కుర్రతనంలోనే కనిపెట్టి బొంబాయి జేజే ఆర్టు స్కూలు దారి పట్టించింది రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర. అలాంటి కన్ను మీ మాస్టారికి ఉందో లేదో ఈ ముందే ముగించిన పిల్ల దగ్గర తెలుస్తుంది.

ఇత్తడిచెంబు:

ఏం అడగాలన్న దానికి ఎవరూ చెప్పలేదు. క్లాసు నడుస్తున్నప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడకు. అయ్యాక “క్లాసు అదుపులో ఎలా పెడతారండీ” అని అడిగితే ఆయన నవ్వి “అలవాటమ్మా” అంటారు, అంతే. నీ కాగితంలోంచి ఒక నిమిషం పట్టుకుని అడుగు. “18వ నిమిషంలో కిటికీ పక్క పిల్లాడి దగ్గర ఆగబోయి ఆగకుండా వెళ్లిపోయారు, ఎందుకండీ?” దానికి చెప్పేది నీకు పనికొస్తుంది. రోజుకి రెండు ప్రశ్నలు చాలు. వెళ్లేటప్పుడు బ్రష్షులు కడగడంలో ఒక చెయ్యి వెయ్యి, ఆ పది నిమిషాల్లోనే ఆయన ఎక్కువ మాట్లాడతారు.