'నాకేం తెలుసు' అన్న మాట దగ్గర ఆగిపోయిన అనువాదం

ప్రశ్న:
అమెరికన్ కవి రాబర్ట్ హేడెన్ తనను పెంచిన తండ్రిని తలచుకొని రాసిన 'దోజ్ వింటర్ సండేస్' అనే పద్నాలుగు పంక్తుల కవితను తెలుగులోకి తెస్తున్నాను. అది 1962లో వచ్చిన సంపుటిలోనిది. వారమంతా కాయకష్టం చేసి చేతులు పగిలిన తండ్రి ఆదివారం కూడా చీకటితోనే లేచి, నిప్పు రాజేసి, గదులు వెచ్చబడ్డాక కొడుకును లేపుతాడు. వాడి బూట్లకు మెరుగు కూడా పెడతాడు. కొడుకు మాత్రం ఆయనతో అంటీముట్టనట్టు మాట్లాడతాడు. చివరి రెండు పంక్తులలో, పెద్దవాడైన ఆ కొడుకు 'నాకేం తెలుసు' అని రెండుసార్లు అనుకుంటాడు. మన వాడుకలో ఆ మాట బాధ్యత దులుపుకొనేవాడి మాటలా వినిపిస్తుంది. ప్రేమ చేసే పనులను కవి 'ఆఫీసెస్' అన్నాడు. 'విధులు' అంటే ప్రభుత్వ ఉద్యోగం గుర్తుకొస్తోంది. ఏం చేయమంటారు?

మొదటి జవాబు:
'ఏం తెలుసని నాకు, ఏం తెలుసని' అని చూడండి. ఆ 'అని' వాక్యాన్ని పూర్తి కానివ్వదు. 'ఏం తెలుసని అలా మాట్లాడాను' అన్న నింద చదువరి మనసులో దానంతటదే పూర్తవుతుంది. ఇక 'ఆఫీసెస్' అన్న మాటకు క్రైస్తవ సంప్రదాయంలో రోజూ వేళ తప్పకుండా చేసే ప్రార్థనలు అనే అర్థం కూడా ఉంది కనుక, దేవుడికి నిత్యం చేసే సేవను చెప్పే 'కైంకర్యం' సరిపోతుందని నా అభిప్రాయం. కొడుకు నిద్ర లేవకముందే జరిగిపోయే సేవ అది.

రెండవ జవాబు:
'ఏం తెలుసని' చాలా బాగుంది. కానీ 'కైంకర్యం' వద్దండీ. సొమ్ము కైంకర్యం చేశాడంటే కాజేశాడని అర్థం. ఆ ఛాయ ఈ తండ్రి మీద పడకూడదు. 'అనుష్ఠానం' అంటే నియమమూ, ఏకాంతమూ రెండూ వస్తాయి. కవిత మొదటి మాటను కూడా తేలికగా తీసుకోకండి. 'ఆదివారాలు కూడా' అనే బదులు 'ఆదివారాలూ' అని దీర్ఘమిస్తే చాలు, మిగిలిన ఆరు రోజుల చాకిరీ ఆ దీర్ఘంలోనే వినిపిస్తుంది. ఆయనకు ఎవరూ కృతజ్ఞత చెప్పలేదనే పంక్తి మాత్రం కష్టమే, ఎందుకంటే మన ఇళ్లలో తండ్రికి కృతజ్ఞతలు చెప్పే అలవాటే లేదు, అందువల్ల చెప్పకపోవడం లోపంగా తోచదు. 'ఎవరూ ఒక్క మంచి మాట అనలేదు' అంటే తగులుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ నమస్కారాలు. 'ఏం తెలుసని', 'అనుష్ఠానం', 'ఆదివారాలూ' మూడూ తీసుకున్నాను. ఆ మంచి మాట పంక్తి రాసి, కాసేపు కలం పక్కన పెట్టవలసి వచ్చింది. చలికాలంలో మా నాన్నగారు నాలుగింటికే లేచి, పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి నాకు వేన్నీళ్లు కాచేవారు. పొగ వాసన వస్తోందని విసుక్కుంటూ నేను ఆ నీళ్లే పోసుకొనేవాణ్ణి.