ఇంటర్ మధ్యలో ఆరు వారాల గణిత శిబిరానికి పంపాలా, వద్దా?

బ్రాడీపేట నాన్న:
మా అమ్మాయి పోరంకిలో హాస్టల్లో ఉండి ఎంపీసీ చదువుతోంది, ఫస్టియర్ అయిపోయింది. అమెరికాలో ఒహాయోలో జరిగే రాస్ గణిత శిబిరంలో సీటొచ్చింది. 1957లో ఆర్నాల్డ్ రాస్ అనే ప్రొఫెసర్ హైస్కూలు వయసు పిల్లల కోసం మొదలుపెట్టింది. జూన్, జులైల్లో ఆరు వారాలు. ఫీజులో కొంత తగ్గించారు, మిగతాదీ విమానం ఖర్చూ మావే. వెళ్తే టాప్ బ్యాచ్‌లో ఉంచలేమని కాలేజీవాళ్లు అంటున్నారు. మా బావమరిది పంపమంటాడు, నాన్నగారు వద్దంటారు. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు, విజయవాడ:
పంపకండి. పంతొమ్మిదేళ్లుగా సీనియర్ ఇంటర్‌కి చెబుతున్నాను. జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి విడత పెట్టుకుని ఆరు వారాలు పోతే మాటలు కాదు. నా దగ్గర ఒకమ్మాయి కామెర్లొచ్చి నెలన్నర ఇంటి దగ్గరుండిపోయింది. తెలివిలో ఎవరికీ తీసిపోదు. తిరిగొచ్చాక దసరా దాకా వీక్లీ టెస్టుల్లో అందుకోలేక స్టడీ అవర్లో తల వంచుకుని ఏడ్చేది. ఆ శిబిరం ర్యాంకు ఇవ్వదు, డిగ్రీ ఇవ్వదు. లెక్కల మీద ఇష్టం నిజమైతే రెండేళ్లు ఆగినా ఎక్కడికీ పోదు.

కొరిటెపాడు అమ్మ:
అంత ఖర్చు పెట్టే ముందు, మన దగ్గరున్నవి చూశారా అండీ? గణిత ఒలింపియాడ్ మొదటి మెట్టు, ఐఓక్యూఎం పరీక్ష రాయించారా? మూడు గంటలు, 30 ప్రశ్నలు, ఆప్షన్లుండవు. అది దాటితే ప్రాంతీయ ఒలింపియాడ్ ఆర్‌ఎంఓ, ఆపైన జాతీయ స్థాయిది ఐఎన్‌ఎంఓ, అక్కడ నెగ్గితే హోమీ భాభా కేంద్రంవాళ్ల శిక్షణ శిబిరం. మా వాడు ఆర్‌ఎంఓ దగ్గరే ఆగిపోయాడు, అయినా ఆ ఏడాది నేర్చుకున్నది వాడికే ఉండిపోయింది.

చెన్నైలో చదివే గుంటూరు కుర్రాడు:
మాస్టారూ, మిగతావన్నీ ఒప్పుకుంటాను. ఇష్టం ఎక్కడికీ పోదన్నది మాత్రం ఒప్పుకోలేను. నాకు పోయింది. ఇంటర్ రెండేళ్లూ లెక్కకి రెండు నిమిషాలు, తేలకపోతే వదిలేసి తర్వాతది. ఇక్కడ సీఎంఐలో, అంటే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో, చేరాక ఒకే ప్రశ్న దగ్గర మూడు రోజులు కూర్చోమంటే చేతకాలేదు. ఆ ఓపిక మళ్లీ తెచ్చుకోవడానికి ఏడాది పట్టింది. అమ్మగారూ, ఒలింపియాడ్ మంచిదే, కానీ అక్కడా గడియారం ఉంది. రాస్‌లో కొత్తగా వెళ్లినవాళ్లకి ఆరు వారాలూ నంబర్ థియరీ, అంటే పూర్ణ సంఖ్యల లెక్కలు, ఒక్కటే. సంఖ్యల్ని చూసి పిల్లలే ఊహించాలి, పిల్లలే నిరూపించాలి. పైగా అది పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకే. డిగ్రీలో చూద్దామంటే తీసుకోరు.

బ్రాడీపేట నాన్న:
ఐఓక్యూఎం రాసిందమ్మా, కొద్దిలో పోయింది. సంక్రాంతికి వచ్చినప్పుడు నాకొకటి చూపించింది. 5 అంటే 1+4, 13 అంటే 4+9, 17 అంటే 1+16. అన్నీ రెండు వర్గాల మొత్తాలు. 7, 11, 19 మాత్రం కుదరవు, వాటిని నాలుగుతో భాగిస్తే శేషం మూడు. "వర్గాన్ని నాలుగుతో భాగిస్తే శేషం సున్నా గానీ ఒకటి గానీ. రెండు వర్గాలు కలిపితే శేషం మూడు ఎలా వస్తుంది నాన్నా?" అంది. మరి శేషం ఒకటి వచ్చే ప్రధాన సంఖ్యలన్నీ ఎందుకు కుదురుతున్నాయని అడిగితే నోరు మూసుకుంది. రాత్రి రెండింటికి లేస్తే వంటింట్లో లైటు. పాల లెక్కల డైరీ వెనకాల 97 = 81+16 అని రాసి, కింద గీతలు కొట్టుకుంటూ కూర్చునుంది. ర్యాంకు కోసం అంతసేపు మేలుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మాస్టారు చెప్పిన అమ్మాయిని తలుచుకుంటే భయంగానే ఉంది. నిన్న వెళ్లి ప్రిన్సిపాల్ గారిని కలిశాను. కింది బ్యాచ్ అయినా ఫర్వాలేదు, ఆగస్టులో కూర్చోనివ్వండి అన్నాను, సరేనన్నారు. పంపుతున్నాను. మాస్టారూ, వచ్చాక ఆదివారాలు ఇంటిగ్రేషన్ చెప్పగలరా?

లెక్కల మాస్టారు, విజయవాడ:
నా అభిప్రాయం మారలేదండీ. ఆగస్టు మొదటి ఆదివారం ఉదయం ఏడింటికి పంపండి. ఆ పాల డైరీ కూడా తెమ్మనండి.